సముద్రంలో గ్యాస్ బావులు, ఒడ్డున మా ఊరు: ప్రజాభిప్రాయ సేకరణలో ఏం అడగాలి?

మొగ దగ్గర ఇల్లు

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ తీరంలో ఒక మత్స్యకార పల్లె. ఊరి పేరు ఇక్కడ రాయను. సముద్రంలో కొత్త గ్యాస్ బావులు వేసి, పైపులైను మా ఊరి పక్క నుంచి ఒడ్డుకు తెస్తారట. ప్రజాభిప్రాయ సేకరణ ఉందని పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ఊళ్లో సగం మంది వద్దే వద్దంటున్నారు. మిగతావాళ్లు పరిహారం ఎంతో ముందు తేల్చమంటున్నారు.

మా అన్నయ్య వేటకెళ్తాడు. ఆయన అడిగేది ఒకటే: ఏ చోట, ఎన్నాళ్లు వల వెయ్యకూడదో ముందే కాగితం మీద రాసిస్తారా? ఏ ఆఫీసుకెళ్లినా దానికి జవాబు దొరకలేదు. అసలే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. దాని మీద సర్వే ఓడలు తిరిగిన రోజులు, పైపు వేసే రోజులు కూడా పోతే ఏడాదిలో మిగిలేదెంత? మీటింగులో ఎవరేం మాట్లాడాలో తెలియక ఊరంతా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కొబ్బరి తోట

తమ్ముడూ, సముద్రంలో సంగతి మీకు తెలుసు. ఒడ్డెక్కాక పైపు ఎటు పోతుందో ముందు అడగండి. మా తోటలోంచి పైపులైను పోయి చాలా ఏళ్లయింది. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. అప్పుడు వచ్చినవాళ్లు "భూమి మీదే, మేం పైపు పాతి వెళ్లిపోతాం" అన్నారు. మాట నిజమే, పట్టా నా పేరునే ఉంది. కానీ ఆ పట్టీ మీద చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, గది కట్టకూడదు. 1962 నాటి పైపులైన్ల చట్టం అలా ఉంది. దాని ప్రకారం వాడకం హక్కుకు ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో పది శాతం. కొట్టేసిన చెట్లకు, పోయిన పంటకు విడిగా ఇస్తారు. కానీ కొబ్బరి చెట్టంటే ఒక పంట కాదండి, తరం పాటు కాపు. దాన్ని ఒక్కసారి లెక్కగట్టి చేతిలో పెడితే సరిపోదు.

అభ్యంతరం చెప్పడానికి నోటిఫికేషన్ వచ్చాక 21 రోజులే గడువు. మాకు ఆ విషయం గడువు దాటాక తెలిసింది. మీరు ఇప్పుడే రోజులు లెక్కపెట్టుకోండి.

కాకినాడ కుర్రాడు

అందరూ వద్దంటే ఇక్కడ ఉద్యోగాలెక్కణ్ణుంచి వస్తాయండి? ఐటీఐ చదివినవాళ్లు హైదరాబాద్, గల్ఫ్ పోతున్నారు. గ్యాస్ దేశానికి అవసరం కాదా? మన సిలిండర్ ఎక్కడి నుంచి వస్తోంది?

రిగ్గు డ్యూటీ

నేను చాలాకాలం సముద్రంలో రిగ్గుల మీద పనిచేశాను, ఇప్పుడు రిటైరయ్యాను. రెండు వైపులా చెప్పాల్సినవి ఉన్నాయి.

మొదట భయం సంగతి. మన ప్రాంతంలో బ్లోఅవుట్, అంటే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగదన్నడం, అనగానే అందరికీ 1995 పాశర్లపూడి గుర్తొస్తుంది. జనవరి 8న మొదలైన మంట ఆరడానికి రెండు నెలలు పైనే పట్టింది. అది నేల మీద తవ్విన బావి, ఊళ్ల మధ్య. లోతు సముద్రంలో బావి అలా కాదు. మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ-డీ6 గ్యాస్ క్షేత్రంలో గానీ, ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో గానీ బావి మూతి సముద్రం అడుగునే ఉంటుంది. అక్కడి నుంచి గ్యాస్ పైపుల్లో ఒడ్డునున్న గాడిమొగకో, ఓడలరేవుకో వస్తుంది. అంత దూరాన బావి దగ్గర ప్రమాదం జరిగితే మంట ఊరిదాకా రాదు. వేటలో ఉన్న బోట్లకు, నీటికి, చేపకు దెబ్బ.

ఊరికి దగ్గరగా ఉండే ప్రమాదం వేరే చోట ఉంది. పైపు ఒడ్డెక్కే చోటు, అక్కడి నుంచి టెర్మినల్, అంటే గ్యాస్‌ను శుద్ధి చేసే ప్లాంటు, దాకా ఉన్న ముక్క. ఆ ముక్కలో పీడనం ఎంత, గోడ మందం ఎంత, దగ్గరి ఇల్లు ఎన్ని మీటర్లు, లీకైతే వాల్వు ఎన్ని నిమిషాల్లో మూసుకుంటుంది: ఈ నాలుగూ అడగండి. జవాబులు ప్రమాద అంచనా నివేదికలో ఉండాలి. లేకపోతే నివేదిక అసంపూర్తి అని రాసివ్వండి.

ఇక వేట. ప్లాట్‌ఫారం లాంటి కట్టడం చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం ఉంటుంది, అందులోకి బోటు వెళ్లకూడదు. అది శాశ్వతం. పైపు వేసేటప్పుడు ఓడతో పాటు నిషేధం కూడా కదులుతూ ఉంటుంది. సర్వే ఓడ అయితే వెనకాల కిలోమీటర్ల పొడవున తీగలు లాగుతుంది, ఆ దారిలో వల ఉంటే పోయినట్టే. మీ అన్నయ్య అడిగింది సరైన ప్రశ్న. ఆ షెడ్యూలు కంపెనీ దగ్గర కచ్చితంగా ఉంటుంది. అది లేకుండా ఓడ అద్దెకు తీసుకోరు. తెలుగులో, మ్యాపుతో ఇమ్మని అడగడం మీ హక్కు.

కాకినాడ తమ్ముడికి: పైపులు వేసే రెండు మూడేళ్లు పనులు బాగానే ఉంటాయి, ఎక్కువ కాంట్రాక్టర్ల కింద. టెర్మినల్ నడవడం మొదలయ్యాక పనిచేసేవాళ్లు తక్కువ, అందరికీ ట్రైనింగ్ ఉండాలి. పనులు మొదలయ్యే ముందే స్థానికులకు వెల్డింగ్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఫైర్ సేఫ్టీ నేర్పిస్తామని రాతపూర్వకంగా తీసుకోకపోతే తర్వాత మనకు మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ పనే.

కొబ్బరి తోట

అన్నగారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నేను భయపడేది కూడా పాశర్లపూడిని తలుచుకుని కాదు, మన కోనసీమలోనే ఉన్న నగరం అనే ఊరిని తలుచుకుని. 2014 జూన్ 27 తెల్లవారుజామున. బావి కాదు, రిగ్గు కాదు, నేలలో పాతిన పైపు. గ్యాస్ లీకై ఊరి మీద మేఘంలా కమ్ముకుంది, ఎక్కడో నిప్పు తగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలబడ్డ చోటే మాడిపోయాయి. ఆ పైపు పొడి గ్యాస్‌కని వేసింది. అందులో నీటి తడి ఉన్న గ్యాస్ పోయి లోపల తినేసిందని విచారణలో బయటపడింది. అంటే ప్రాజెక్టు మొదలైన రోజు కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, పదేళ్ల తర్వాత ఆ పైపు లోపల ఎవరు చూస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ప్రతి తనిఖీ రిపోర్టూ పంచాయతీకి ఇస్తారా? ఇవ్వకపోతే మా ఒప్పుదల లేదని రాయండి.

యానాం చెల్లి

పరిహారం గురించి ఎవరూ చెప్పని మాట ఒకటి. 2022 మేలో ముమ్మిడివరం దగ్గర మురమళ్లలో ఓఎన్‌జీసీ పైపులైను వల్ల వేట పోయిన 23,458 కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున నాలుగు నెలలకు ఇచ్చారు. ఉత్తిచేతులు చూపించేదానికంటే నయమే, కాదనను. కానీ జాబితా ఎలా తయారవుతుంది? వేటకెళ్లే మగవాళ్ల పేర్లతో. రేవులో చేపలు కొని తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మే మా అత్త పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఎండుచేప ఆరబెట్టేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, బోటు లేకుండా కూలికి పోయేవాళ్లు ఎవరూ ఉండరు. బోటు ఒడ్డున ఉంటే వీళ్లందరి పొయ్యీ ఆరిపోతుంది.

ఇంకొకటి. జాబితా వచ్చాక ఊరు రెండు ముక్కలవుతుంది. పేరున్నవాళ్లు, లేనివాళ్లు. అంతదాకా కలిసి వద్దన్నవాళ్లు ఆ తర్వాత ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు. మా వీధిలో నేను కళ్లారా చూశాను. కాబట్టి మీ ఊరి జాబితా మీరే ముందు తయారుచేసుకోండి, గ్రామసభలో చదవండి, సంతకాలు పెట్టించండి. వాళ్లు తెచ్చిన జాబితాలో మీ పేర్లు వెతుక్కునే పరిస్థితి రానివ్వకండి.

భూగోళం మాస్టారు

భూమి కుంగిపోతోందన్న మాట కోనసీమలో చాలాకాలంగా ఉంది. మీటింగులో ఎవరో ఒకరు తప్పకుండా లేవనెత్తుతారు. కంపెనీ తరఫున వచ్చినవాళ్లు "ఆధారం చూపించండి" అంటారు. అక్కడే మనవాళ్లు ఆగిపోతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డెల్టా అంటేనే నది తెచ్చిన ఒండ్రు. అది తన బరువుకు తానే కొంత కుంగుతూ ఉంటుంది, ఏటా వరదతో కొత్త ఒండ్రు వచ్చి ఆ లోటు పూడుస్తుంది. గోదావరి మీద పైన ఆనకట్టలు కట్టాక ఆ ఒండ్రు చాలావరకు అక్కడే ఆగిపోతోంది. అంతర్వేది దగ్గర, కాకినాడ అవతల ఉప్పాడ దగ్గర కోతకు అలలు, తీరం వెంబడి ఇసుక కదలిక, ఒండ్రు తగ్గడం అన్నీ కలిసి కారణం. కాబట్టి కోతంతా గ్యాస్ వల్లేనని వాదిస్తే నిలబడదు.

అలాగని గ్యాస్ తీస్తే నేల కుంగదని చెప్పడానికీ వీల్లేదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అని పెద్ద గ్యాస్ క్షేత్రం ఉంది, 1959లో కనుగొన్నారు. దశాబ్దాలు తోడాక నేల కుంగింది, భూకంపాలు వచ్చాయి. 2012లో హైజింగే అనే ఊళ్లో 3.6 తీవ్రతతో వచ్చిన కంపం తర్వాత జనం ఊరుకోలేదు. చివరికి 2023 అక్టోబరులో ఉత్పత్తి ఆపేశారు. అక్కడ వాదన గెలవడానికి కారణం కొలతలు. నేల ఎత్తును మొదటినుంచీ కొలిచి పెట్టుకున్నారు. ఇళ్ల గోడలు పగిలినప్పుడు ఆ లెక్కలు చేతిలో ఉన్నాయి.

మన దగ్గర అడగాల్సిందీ అదే. బావి తవ్వకముందే తీరంలో, ఊళ్లలో, కాలువ గట్ల మీద ఎత్తు గుర్తులు పెట్టాలి. కంపెనీతో సంబంధం లేని సంస్థ ఏటా కొలవాలి. అంకెలు పంచాయతీ బోర్డు మీద రాయాలి. బోర్లలో ఉప్పదనం కూడా అలాగే. ఈ రోజు కొలవకపోతే పదేళ్ల తర్వాత ఎవరూ ఏదీ నిరూపించలేరు.

కాకినాడ కుర్రాడు

మాస్టారూ, ఈ మాట ఇదివరకు ఎవరూ ఇలా చెప్పలేదు. ధన్యవాదాలు.

గాల్వే నుంచి

నేను ఐర్లాండ్‌లో ఉంటాను. ఈ చర్చ చదువుతుంటే ఇక్కడి పక్క జిల్లా మేయోలో జరిగింది చెప్పాలనిపించింది. అక్కడ కూడా చేపలు పట్టేవాళ్లు, చిన్న రైతులు ఉండే మారుమూల తీరం. ఒడ్డుకు 83 కిలోమీటర్ల దూరంలో 1996లో కోరిబ్ అనే గ్యాస్ క్షేత్రం బయటపడింది. సముద్రంలోనే శుద్ధి చేయకుండా, ముడి గ్యాస్‌ను పైపులో ఒడ్డుకు తెచ్చి లోపలున్న ప్లాంటుకు పంపాలన్నది షెల్ కంపెనీ ప్లాను. పైపు 345 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 345 రెట్లు) పీడనానికి డిజైన్ చేశారు, ఆ ప్లాను ప్రకారం రోస్‌పోర్ట్ అనే పల్లెలో ఇళ్లకు దాదాపు 70 మీటర్ల దూరంలోంచి పోవాలి. అక్కడిది పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ మెత్తటి నేల. 2003లో పక్క కొండ జారి పడింది కూడా.

ఊరివాళ్లు సముద్రంలో గ్యాస్ తియ్యొద్దనలేదు. శుద్ధి సముద్రంలోనే చెయ్యండి, మా ఇళ్ల పక్క వద్దన్నారు. వినలేదు. తమ పొలాల్లోకి కంపెనీ వాళ్లను రానివ్వనందుకు 2005లో ఐదుగురిని జైల్లో పెట్టారు, 94 రోజులు. అప్పటిదాకా పట్టించుకోని దేశం అప్పుడు కదిలింది. తర్వాత స్వతంత్ర నిపుణులతో పరిశీలన చేయించాక పీడనం 144 బార్‌కు తగ్గించమన్నారు. 2009లో అక్కడి ప్లానింగ్ బోర్డే ఒడ్డు మీద పైపుదారిలో సగం దాకా భద్రత దృష్ట్యా కుదరదని చెప్పింది. చివరికి అఖాతం కింద సొరంగం తవ్వి అందులోంచి పైపు వేశారు. గ్యాస్ వచ్చింది 2015 డిసెంబరు 30న. అంటే ప్రాజెక్టు ఆగలేదు, కానీ ఊరివాళ్లు మొదట చెప్పిన ప్రమాదం నిజమేనని ప్రభుత్వ సంస్థలే ఒప్పుకోవాల్సి వచ్చింది. మొదటే కూర్చుని మాట్లాడి ఉంటే అన్నేళ్లు, అంత గాయం ఉండేవి కావు. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ పలకరించుకోని కుటుంబాలు ఉన్నాయి. యానాం చెల్లి రాసింది చదివి అదే గుర్తొచ్చింది.

తెరచాప

మీరందరూ షరతులు రాస్తున్నారు. అసలు వద్దు అనే హక్కు మాకు లేదా? 2009 నుంచి గాడిమొగ గ్యాస్ పైపులైన్లో గుజరాత్ దాకా పోయింది. మా ఊళ్లో ఇప్పటికీ మంచినీళ్ల ట్యాంకరు కోసం లైను కడుతున్నాం. సముద్రంలో తీసిన గ్యాస్ మీద రాయల్టీ రాష్ట్రానికి రాదు, కేంద్రానికే. గనులున్న జిల్లాలకు జిల్లా ఖనిజ నిధి అని ఉంది, చమురు, గ్యాస్ దాని కిందికి రావు. మిగిలేది సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చు, కింద ఒక బస్ షెల్టరు, రెండు బెంచీలు. నష్టం మా దగ్గరే ఉండిపోతుంది, లాభం ఇంకెక్కడికో పోతుంది. ఇలాంటప్పుడు షరతులతో సరే అనడం ఎందుకు?

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. ఏ అధికారి పేరూ, ఊరివాళ్ల పేర్లూ, ఫోన్ నంబర్లూ పెట్టకండి. అలాంటి రెండు పోస్టులు తీసేశాం.

అమలాపురం ప్లీడరు

తెరచాప గారూ, వద్దనే హక్కు మీకుంది, దాన్ని చెప్పే పద్ధతి కూడా తెలుసుకోవాలి.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఉండాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టరేటులో, ఇతర ఆఫీసుల్లో చూడటానికి దొరకాలి. మీ ఊరి నోటీసు తేదీకీ, మీటింగు తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో మొదట చూడండి. తగ్గితే అదే మొదటి అభ్యంతరం.

ఒక సంగతి చాలామందికి తెలియదు. 2020 జనవరిలో చేసిన సవరణతో అన్వేషణ బావులకు, అంటే గ్యాస్ ఉందో లేదో చూడటానికి తవ్వేవాటికి, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు మాత్రం ఇంకా ఉంది. అంటే మిమ్మల్ని అడిగేసరికి గ్యాస్ దొరికింది, ఖర్చు పెట్టేశారు. అందుకే ఈ మీటింగు వదులుకోకూడదు. దీనికి కోరం లేదు, ఇంతమంది రావాలన్న నియమం లేదు. మీరు బహిష్కరించి ఇంట్లో కూర్చుంటే మీటింగు జరిగినట్టే రాసుకుంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, వద్దా, షరతులా. కోర్టుల్లో చూసిన అనుభవంతో చెప్తున్నాను. మైకు పట్టుకుని "మా పిల్లలకు ఉద్యోగాలిస్తే మాకు అభ్యంతరం లేదు" అని ఒక్కరంటే, మినిట్స్‌లో, అంటే మీటింగులో మాట్లాడినవి అధికారులు రాసుకునే రికార్డులో, అది మద్దతుగా ఎక్కుతుంది. కాబట్టి మొదటి వాక్యం: ఈ ప్రాజెక్టును మేం వ్యతిరేకిస్తున్నాం. తర్వాత కారణాలు, ఒక్కొక్కటీ నివేదికలో ఏ అధ్యాయంలో ఏం లేదో చూపిస్తూ. ఆ తర్వాత, వేరే కాగితం మీద: మా వ్యతిరేకతను పక్కనపెట్టి అనుమతిచ్చే పక్షంలో ఇవి తప్పనిసరి అని. రెండూ కలపొద్దు.

మీటింగు వీడియో తియ్యాలి, చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. చదివేదాకా ఎవరూ కదలకండి. మాట్లాడినదంతా రాతపూర్వకంగా కూడా ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అనుమతి వచ్చాక దాని మీద అప్పీలుకు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే 30 రోజులు, సరైన కారణం చూపిస్తే మరో 60. అంతకు మించి ఒక్క రోజు దాటినా తీసుకోరు. అప్పుడు మీ చేతిలో ఉండేది ఆ స్టాంపు కాగితాలే.

తెరచాప

రెండు కాగితాలు అన్నది బాగుంది. మావాళ్లకు అలాగే చెప్తాను. కానీ ఒక్కటి రాసుకోండి: పరిహారం తీసుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. నెలకు 11,500 తీసుకున్నవాడు రేపు పైపు పక్కన పడుకోవడానికి సిద్ధమని అర్థం కాదు. ఆ మాట మొదటి కాగితంలో ఉండాలి.

రిగ్గు డ్యూటీ

ఉండాలి. నేను పనిచేసిన వైపు నుంచి చెప్తున్నాను, ఇంజినీర్లందరూ ఊళ్లను లెక్కచెయ్యనివాళ్లు కారు. కానీ ఊరు అడగని ప్రశ్నకు డిజైన్‌లో చోటుండదు. వాల్వు ఒకటి ఎక్కువ పెట్టాలన్నా, పైపు దారి అరకిలోమీటరు జరపాలన్నా, ఎవరో ఒకరు కాగితం మీద అడిగి ఉండాలి. కోరిబ్‌లో పీడనం సగానికి పైగా తగ్గించినా ప్రాజెక్టు నడిచింది. కాబట్టి "సాంకేతికంగా కుదరదు" అని ఎవరైనా అంటే, ఎందుకు కుదరదో లెక్కలు చూపించమనండి.

యానాం చెల్లి

మడ అడవుల సంగతి కూడా. కోరింగ అభయారణ్యం పక్కనే ఉంది. రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగేది ఆ మడల్లోనే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మా బోట్లకే ఆంక్షలు పెడతారు. ఆ నెలల్లో పైపు పనులకు కూడా అదే ఆంక్ష ఉంటుందా అని అడగండి.

మొగ దగ్గర ఇల్లు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలండి. నిన్న రాత్రి రామాలయం దగ్గర కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాను. నోటీసు తేదీ నుంచి చూస్తే 30 రోజులకు తక్కువే ఉన్నాయి, దాని మీద కలెక్టర్ గారికి అర్జీ రాశాం. మొదటి కాగితం తెరచాప గారు చెప్పిన మాటతో సహా తయారైంది. రెండో కాగితంలో పైపు దారి మార్పు, పీడనం, వాల్వులు, ఏటా తనిఖీ రిపోర్టు, ఎత్తు గుర్తులు, బోరునీటి పరీక్ష, తాబేళ్ల కాలంలో పనుల నిలుపుదల, సర్వే ఓడల మ్యాపు రాశాం. చేపలమ్మే ఆడవాళ్ల జాబితా మా వదిన, ఇంకొందరు ఇంటింటికీ తిరిగి రాస్తున్నారు. పేరు చెప్పమంటే మొదట భయపడ్డారట, ఇప్పుడు వాళ్లే పిలిచి రాయిస్తున్నారు.

నివేదిక తెలుగు సారాంశం చాలా చిన్నది. ఇంగ్లీషు పూర్తి కాపీలో ప్రమాద అంచనా అధ్యాయం మాకు అర్థం కావడం లేదు. రిగ్గు డ్యూటీ అన్నగారూ, ఆ పేజీలు ఫోటోలు తీసి పంపితే చూస్తారా?

రిగ్గు డ్యూటీ

పంపు తమ్ముడూ. పైపు దారి మ్యాపు, వాల్వుల పట్టిక, ఇళ్ల దూరాలున్న పేజీ ముందు పంపు. ఆదివారంలోగా తెలుగులో రాసిస్తాను.

అమలాపురం ప్లీడరు

ఆదివారం సాయంత్రం నేనూ ఖాళీగా ఉంటాను. అర్జీ కాపీ మీద స్టాంపు వేశారా? వెయ్యకపోతే రేపు పొద్దున్నే మళ్లీ వెళ్లి వేయించండి.